నాలుగు కెమెరాలున్నా దొంగ ముఖం కనపడలేదు: ఇంటికి వైరు కెమెరాలు మళ్ళీ కొన్న కథ

తెనాలిలో మా ఇంటికి 2019లోనే నాలుగు కెమెరాలు పెట్టించాం. పోయినేడాది మార్చిలో నాన్న టీవీఎస్ ఎక్సెల్ బండి గేటు లోపలి నుంచి పోయింది. ఒకడు తలకి తువ్వాలు చుట్టుకుని గోడ దూకాడు, గొళ్ళెం తీశాడు, తాపీగా బండి తోసుకుంటూ వెళ్ళాడు. అంతా రికార్డయింది, ముఖం తప్ప. స్టేషన్‌లో ఆ వీడియో రెండుసార్లు చూసి, "ఎవరో వచ్చారని తెలుస్తోంది సార్, ఎవరొచ్చారో తెలియట్లేదు, పైగా ఈ టైము చూశారా" అన్నారు. రికార్డర్ గడియారం 47 నిమిషాలు ముందుకి నడుస్తోంది, ఆరేళ్ళుగా ఎవరమూ చూసుకోలేదు.

బండి నాలుగో రోజు కాలవ గట్టు మీద దొరికింది, పెట్రోలు అయిపోతే వదిలేసినట్టున్నారు. యాభై రూపాయల పెట్రోలుకి మించి కొట్టించడని ఇన్నాళ్ళూ నాన్నని వెక్కిరించేవాళ్ళం, చివరికి ఆ పిసినారితనమే బండిని కాపాడింది.

సరే, కెమెరాలు మార్చాలి. నేనుండేది హైదరాబాద్‌లో, అమ్మా నాన్నా ఇద్దరే ఇంట్లో ఉంటారు. కెమెరాలు బిగించడానికి మాట్లాడిన కుర్రాడు మొదట అన్న మాట, "ఎనిమిది మెగాపిక్సెల్ పెట్టుకోండి సార్, సినిమాలా ఉంటుంది." నాన్న వెంటనే, "మన గేటు దగ్గర ఏం సినిమా నడుస్తోందిరా" అన్నాడు. నవ్వుకున్నాం గానీ, అసలు విషయం అక్కడే ఉంది. కెమెరా కొనేవాళ్ళలో చాలామంది, పోయినసారి నాతో సహా, మెగాపిక్సెళ్ళు చూసి కొంటారు, లెన్సు ఎన్ని ఎంఎం అని అడగరు. ఎంఎం పెరిగేకొద్దీ లెన్సు చూసే వెడల్పు తగ్గుతుంది, దూరంలో ఉన్నది పెద్దగా కనపడుతుంది.

మా పాతవి 2 మెగాపిక్సెల్, 2.8 ఎంఎం లెన్సు. ఈ లెన్సు వంద డిగ్రీలు దాటి వెడల్పుగా చూస్తుంది. మా గోడ నుంచి గేటు ముప్పై అడుగులు, అంటే 9 మీటర్లు. అంత దూరంలో దానికి సుమారు 22 మీటర్ల వెడల్పు పడుతుంది, అంటే మా గేటు, పక్కింటి గేటు, ఎదురింటి కొబ్బరి చెట్టు, అన్నీ. బొమ్మ వెడల్పు 1920 పిక్సెళ్ళు, అంటే చుక్కలు, కాబట్టి మీటరుకి 87 వచ్చాయి, మనిషి ముఖం వెడల్పు పదహారు సెంటీమీటర్లనుకుంటే ముఖానికి దక్కినవి 14 చుక్కలు! ముక్కూమొహం తెలియని మనిషిని గుర్తుపట్టాలంటే మీటరుకి 250 పిక్సెళ్ళు ఉండాలని ఈ పనిలో వాడే 2015 నాటి యూరప్ ప్రమాణం చెబుతుంది, అంటే ముఖానికి 40. ఆ కుర్రాడు చెప్పిన 8 మెగాపిక్సెల్ కెమెరాని అదే 2.8 లెన్సుతో అదే గోడకి పెడితే మీటరుకి 175 దగ్గరే ఆగుతుంది. పైగా సెన్సార్ సైజు పెరగకుండా పిక్సెళ్ళు మాత్రమే పెంచితే ఒక్కో పిక్సెల్ మీద పడే వెలుగు తగ్గుతుంది, రాత్రి బొమ్మలో ఇసక చల్లినట్టు ఉంటుంది.

నేను తీసుకున్నది 4 మెగాపిక్సెల్, 6 ఎంఎం లెన్సు, గేటు కోసమే. అంత దూరంలో 9 మీటర్ల వెడల్పే చూస్తుంది, మీటరుకి 280 పిక్సెళ్ళు వస్తున్నాయి. అది పెట్టిన రోజు సాయంత్రం గేటు దగ్గర నిలబడి అమ్మని ఫోన్‌లో చూడమంటే, "ఏరా, గడ్డం గీసుకోలేదా" అని అడిగింది. దానికి వరండా కనపడదు, దానికోసం 2.8 లెన్సుది ఇంకోటి పెట్టాం, బండ్లు నిలిపే పక్కసందుకి 4 ఎంఎంది మూడోది. ఒకే కెమెరాతో గేటూ, వరండా, రోడ్డూ అన్నీ కవర్ చేద్దామనుకుంటే అన్నీ కనపడతాయి, ఒక్కటీ పనికిరాదు.

ఎత్తు కూడా మార్చాం. పాతవి మొదటి అంతస్తు సజ్జాకి పద్నాలుగు అడుగుల మీద ఉండేవి, అక్కడి నుంచి నెత్తి తప్ప ఏం కనపడదు. ఇప్పుడు తొమ్మిది అడుగులు. అంతకంటే కిందకి దించితే చెయ్యందుతుంది, కర్రతో పక్కకి తిప్పేస్తారు.

వైఫై కెమెరా ఎందుకు కాదు అని మా బావ ఇప్పటికీ అడుగుతాడు. వైర్‌లెస్ అంటారు గానీ వాటిలో చాలావాటికి కరెంటు వైరు లాగాల్సిందే, లాగుతున్నప్పుడు ఆ వైరులోనే బొమ్మ కూడా వచ్చేస్తుంటే సిగ్నల్ బాధ ఎందుకు? బ్యాటరీవి ఉన్నాయి, అవి చార్జింగ్ మిగుల్చుకోవడానికి నిద్రపోతూ ఉంటాయి, మనిషి కదిలాక మేలుకుంటాయి, ఈలోపు వాడు వీపు చూపించి వెళ్ళిపోతాడు. అద్దె ఇంట్లో, గోడకి చిల్లు కొట్టనివ్వని ఓనరు దగ్గర ఉంటే వైఫైదే కొనండి, తప్పు లేదు. సొంతిల్లు అయితే వైరుకే నా ఓటు.

వైరులో రెండు రకాలు. ఒకటి పాత పద్ధతి, బొమ్మ తీగా కరెంటు తీగలూ కలిసిన త్రీ ప్లస్ వన్ కేబుల్, దాని చివర బీఎన్‌సీ అనే పిన్ను, డీవీఆర్ అనే రికార్డర్, కరెంటుకి వేరే ఎస్ఎంపీఎస్ డబ్బా. చవక, ఏ ఊళ్ళో అయినా బాగుచేసేవాళ్ళు దొరుకుతారు. రెండోది పీఓఈ, అంటే ఒకే నెట్‌వర్క్ కేబుల్‌లో బొమ్మా, కరెంటూ రెండూ. ఈ ప్రమాణం 2003లో వచ్చింది, పోర్టుకి 15.4 వాట్ల దాకా ఇస్తుంది, వంద మీటర్ల దాకా లాగొచ్చు. మామూలు ఇంటి కెమెరాకి అది ఎక్కువే. మాది పాతది ఎలా ఇబ్బంది పెట్టిందంటే, దూరంగా ఉన్న కెమెరాకి 12 వోల్టులు పూర్తిగా అందేవి కాదు, పగలు బాగానే ఉండి రాత్రి కెమెరాలోని లైట్లు వెలగ్గానే బొమ్మ వణికేది, అదేంటో ఎవరికీ అర్థం కాక రెండు కెమెరాలు అనవసరంగా మార్చాం. పీఓఈలో 48 వోల్టుల దగ్గర పంపుతారు కాబట్టి ఆ బాధ తక్కువ, ఈసారి అదే తీసుకున్నాం. రికార్డరూ కెమెరాలూ వేరువేరు కంపెనీలవి కలపాలంటే రెండింటికీ ఆన్‌విఫ్, అంటే వేరువేరు కంపెనీల పరికరాలు కలిసి పనిచేయడానికి ఉన్న ఉమ్మడి ప్రమాణం, ఉందో లేదో చూసుకోండి.

అసలు మోసం కేబుల్లో జరుగుతుంది. కుర్రాడు తెచ్చిన క్యాట్6 రకం నెట్‌వర్క్ కేబుల్ కట్ట ఎత్తి చూస్తే తేలిగ్గా ఉంది. బ్లేడుతో తీగని గీకితే పైన రాగి రంగు, లోపల తెల్లగా మెరిసింది, అల్యూమినియం మీద రాగి పూత అన్నమాట. "అందరూ ఇదే వాడతారన్నా" అన్నాడు. వాడతారు, నిజమే, కానీ అందులో కరెంటు ఎక్కువ నష్టపోతుంది, వంచితే విరుగుతుంది, రెండు వానాకాలాలయ్యాక పిన్ను దగ్గర పాడవుతుంది. అసలు రాగి కేబుల్ దాదాపు రెట్టింపు పడింది, అయినా అదే వేయించాను. కెమెరా పోతే విప్పి మారుస్తాం, గోడలో వైరు పోతే ఇల్లే విప్పాలి.

బిగించడంలో దెబ్బ తగిలాక నేర్చుకున్నది ఇంకొకటుంది. పక్కసందు కెమెరా వెనక తోకలా ఉండే వైరు పిన్నుకి కుర్రాడు ఇన్సులేషన్ టేపు చుట్టి గోడకి వేలాడేసి వెళ్ళిపోయాడు. కెమెరా మీద ఐపీ67 అని, అంటే దుమ్మూ నీరూ లోపలికి పోవని, రాసి ఉంది, డబ్బా లోపలికి చుక్క నీరు పోలేదు, పిన్నులోకి పోయింది. జూలైలో మూడు రోజుల ముసురుకి పోర్టు పచ్చగా చిలుము పట్టింది. ఇప్పుడు ప్రతి కెమెరా వెనకా జంక్షన్ బాక్సు ఉంది, పిన్ను దాని లోపల, వైరు బాక్సులోకి వెళ్ళే ముందు కిందికి ఒక వంపు తిరుగుతుంది, నీళ్ళు ఆ వంపు దగ్గరే జారిపోతాయి. బాక్సు రెండొందల లోపే, ఇది అడక్కుండా పెట్టేవాడే మంచి పనివాడు. బయట కనపడే వైరంతా పైపులో వేయించండి, కోతులున్న ఊరైతే మరీ.

మాది తూర్పు ముఖం ఇల్లు, వాస్తు ప్రకారం దివ్యంగా ఉంది, కెమెరాకి మాత్రం నరకం. పొద్దున్న పాలవాడు, పేపరువాడు, పూలమ్మాయి వచ్చే టైముకి సూర్యుడు సరిగ్గా లెన్సులోకి కొడతాడు, మనుషులు నల్లటి నీడల్లా కనపడేవాళ్ళు. డబ్ల్యూడీఆర్ అని ఒకటుంటుంది, వెలుగునీ నీడనీ సర్దే ఏర్పాటు, బాక్సు మీద డిజిటల్ అని కాకుండా నిజమైన డబ్ల్యూడీఆర్, 120 డీబీ అని ఉన్నది తీసుకున్నాం. చాలావరకు తేడా వచ్చింది, ఆరున్నర నుంచి ఏడు దాకా మాత్రం ఇప్పటికీ కష్టమే.

రాత్రి సంగతి. కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్‌తో నలుపు తెలుపు బొమ్మ వస్తుంది, తెల్ల లైటుతో రంగుల బొమ్మ వస్తుంది. రంగు బొమ్మ చొక్కా రంగు చెబుతుంది, కాకపోతే ఆ లైటుకి ఊళ్ళో పురుగులన్నీ వస్తాయి, వాటికోసం బల్లి వస్తుంది, అర్ధరాత్రి ఫోన్‌లో లెన్సంత బల్లి పొట్ట చూసి నేను లేచి కూర్చున్నాను. ఇప్పుడు మామూలుగా ఇన్‌ఫ్రారెడ్, మనిషి కదిలితేనే తెల్ల లైటు. సాలెగూడు తప్పదు, వారానికోసారి అమ్మ బూజు కర్రతో దులుపుతుంది. డోమ్ రకం, అంటే గుండ్రటి మూత ఉన్నది, బయటికి వద్దు, ఆ గాజులాంటి బుర్ర మీద దుమ్మూ నీళ్ళూ పడితే రాత్రి దాని లైటు దానికే కొట్టి బొమ్మ పాలలా తెల్లబడుతుంది.

హార్డ్ డిస్క్ లెక్క వేసుకుని కొనండి. రికార్డింగు ఒక్కో కెమెరాకి సెకనుకి 4 మెగాబిట్లు పెడితే రోజుకి 43 జీబీ, మూడింటికి 130 జీబీ. 2 టీబీ అయితే పదిహేను రోజులు, 4 టీబీ అయితే నెల. అమ్మావాళ్ళు చెల్లి దగ్గరికి వెళ్తే మూడు వారాలకి తక్కువ రారు కాబట్టి 4 టీబీ తీసుకున్నాం, ఇరవై నాలుగ్గంటలూ రాయడానికి చేసిన రకం, డబ్ల్యూడీ పర్పుల్, సీగేట్ స్కైహాక్ లాంటివి. రికార్డర్ టీవీ పక్కన పెట్టకండి, దొంగకి ముందు కనపడేది అదే. మాది గదిలో అటక మీద, గాలి ఆడేచోట ఉంది. కెమెరాలకి కరెంటు కూడా అక్కడి నుంచే వెళ్తుంది కాబట్టి ఆ ఒక్క ప్లగ్గుకి ఇన్వర్టర్ లైను ఇస్తే చాలు, కరెంటు పోయినా అన్నీ నడుస్తాయి.

పాస్‌వర్డ్ మీరే పెట్టుకోండి, కుర్రాడు పెట్టినది ఉంచకండి. 2016లో మిరాయ్ అనే వైరస్ ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌లతో వదిలేసిన కెమెరాలూ రికార్డర్లూ రౌటర్లనే సైన్యంగా చేసుకుని అమెరికాలో పెద్ద పెద్ద వెబ్‌సైట్లని పడగొట్టింది. మన దగ్గర 2025 ఏప్రిల్ నుంచి కెమెరాలకి భద్రత పరీక్షలు తప్పనిసరి చేశారు, షాపులో కొత్త నిబంధనల ప్రకారం సర్టిఫికెట్ ఉన్న మోడలేనా అని అడగండి, పాత స్టాకు తగ్గింపుకి వస్తుంటే అనుమానించండి. పాస్‌వర్డ్ మార్చేటప్పుడే రికార్డర్ గడియారాన్ని కూడా ఇంటర్నెట్ టైముకి కట్టేయండి.

పక్కింటి పిన్నిగారు మూడో రోజే వచ్చి, "మా పెరడు మీ టీవీలో కనిపిస్తోందటగా" అని అడిగారు. నిజమే, పక్కసందు కెమెరాలో ఆవిడ నీళ్ళ తొట్టి కనపడుతోంది. సెట్టింగుల్లో ప్రైవసీ మాస్క్ అని ఉంటుంది, ఆ మేరకి నల్ల అట్ట అతికించినట్టు మూసేసి ఆవిడకే చూపించాను. బిగించిన రోజే చేసి ఉంటే ఆ మాట పడేవాళ్ళం కాదు.

మూడు కెమెరాలు, రికార్డర్, డిస్క్, కేబుల్, పైపులు, కూలీ కలిపి 33 వేలు దాటింది. కంపెనీ పేరు అడుగుతారని తెలుసు, ఆరు నెలలకోసారి మోడళ్ళు మారిపోతుంటాయి, పేరు కంటే ఎంఎం చూసుకోండి. వెనక పెరటి వైపు పాత కెమెరా ఒకటి ఇంకా పాత డీవీఆర్‌కే ఉంది, మార్చేద్దామంటే నాన్న ఒప్పుకోవట్లేదు, అటు పోయేది ఏముంది, కరివేపాకు చెట్టు తప్ప అంటాడు. గడియారం మాత్రం సరిచేసి వచ్చాను.