నాలుగు మాటలు కత్తిరించిన ‘మాక్‌బెత్’: ఒక శ్రవ్య నాటకంపై సమీక్ష

షేక్‌స్పియర్ విషాదాంత నాటకాలన్నిటిలోకీ చిన్నదైన ‘మాక్‌బెత్’ను ఇంకాస్త కుదించి ఇంగ్లీషులో విడుదల చేసిన ఒక శ్రవ్య నాటకాన్ని కొని, రెండుసార్లు పూర్తిగా విన్నాను. వేషాలూ కత్తులూ కంటికి కనబడని చోట ఈ నాటకంలో ప్రధానంగా మిగిలేది రాజును చంపి కిరీటం దక్కించుకునే సేనాని మాక్‌బెత్, అతని భార్యల సంభాషణే కాబట్టి, వారిద్దరిలో ఎప్పుడు ఎవరి మాట చెల్లుతున్నదో చెవికి తెలిసిందా లేదా అన్నదే నేను పట్టి చూసిన విషయం. మొదటి సగంలో తెలిసింది. మూడో అంకంలో మాత్రం కత్తెర పడకూడని చోట పడింది.

మొదటి అంకంలో భర్త రాసిన ఉత్తరం చదివే ఘట్టాన్ని లేడీ మాక్‌బెత్ పాత్రధారిణి చాలా నిదానంగా చదివింది. వైభవంలో తనను భాగస్వామి అని పిలిచిన చోట ఒక్క క్షణం ఆగి, ఆ మాటను నోట్లో నానబెట్టుకున్నట్టు పలికింది. రాజును చంపే పని ఇక వద్దని భర్త ఖరాఖండిగా చెప్పిన తరువాత సుమారు యాభై పంక్తుల్లోనే ఆమె అతని చేత సరేననిపిస్తుంది. ఈ మధ్యలో, ఒకవేళ విఫలమైతే ఎలాగని అతను అడిగినప్పుడు, ఆమె జవాబు మూలంలో రెండే పదాలు: ‘We fail’. నాటకం మొదటిసారి అచ్చయిన 1623 నాటి ఫోలియో అనే షేక్‌స్పియర్ నాటకాల సంపుటిలో ఆ జవాబు చివర ప్రశ్నార్థకం ఉంది. ఆనాటి అచ్చులో అదే గుర్తు ఆశ్చర్యార్థకంగానూ వాడేవారు కనుక తరువాతి సంపాదకులు తలో రకంగా మార్చారు. ఈ నటి దాన్ని ప్రశ్నగా కాక, గొంతు తగ్గించి, విఫలమైతే అవుతాం, అంతే అన్న ధోరణిలో ముగించింది. ఆ తెగింపు ముందు భర్త ఎందుకు నిలవలేకపోయాడో వేరే వ్యాఖ్యానం అక్కరలేకుండా అర్థమవుతుంది.

ఇక లోపం సంగతి. మూడో అంకం రెండో రంగం ఆరంభంలో రాణి ఒక సేవకుణ్ణి పిలిచి, రాజుగారికి తీరిక ఉంటే నాలుగు మాటలు మాట్లాడాలని కబురు పంపుతుంది. మిగతాదంతా నాకు వదిలెయ్యమని మొదటి అంకంలో ఆజ్ఞాపించిన మనిషి, కిరీటం వచ్చాక సొంత మొగుడితో మాట్లాడటానికి నౌకరు చేత అనుమతి అడిగించుకుంటోంది. ఇద్దరి మధ్య త్రాసు ఎటు మొగ్గిందో చూపించడానికి ఇంతకంటే క్లుప్తమైన మార్గం ఉండదు. నిడివి తగ్గించే తొందరలో రికార్డింగువారు సరిగ్గా ఈ నాలుగు మాటలే తీసేశారు. దాంతో కొద్దిసేపటికి, మాక్‌బెత్ చంపించబోతున్న తోటి సేనాని బాంక్వో విషయంలో ఏం చేయబోతున్నావని ఆమె అడగడం, పని పూర్తయ్యాక మెచ్చుకుందువుగాని, అంతవరకూ నీకేమీ తెలియనక్కరలేదని అతను బుజ్జగించడం వట్టి సరసంలా వినిపించాయి. అక్కడ అతను వాడే ముద్దుపేరు కోడిపిల్ల నుంచి వచ్చింది. మన ‘బుజ్జీ’ లాంటిది. ఆ ముద్దులోనే తలుపు మూసెయ్యడం ఉంది.

మాక్‌బెత్ పాత్రధారి కూడా ఈ విషయంలో సాయపడలేదు. అధికారం పెరగడమంటే గొంతు పెరగడమని ఆయన భావించినట్టుంది. విందు ఘట్టమంతా అరుపులే. అతిథులను పంపించివేశాక ఆమె మాటలు ముక్కలుముక్కలుగా తగ్గిపోవడం మాత్రం చక్కగా పట్టుకున్నారు. నీకు నిద్ర కరువైందన్నదే నాటకంలో ఆమె భర్త ముఖం చూసి చెప్పే ఆఖరి మాట.

నాలుగో అంకంలో ఆమె అసలు కనిపించదు. అయిదో అంకంలో నిద్రలో నడుస్తూ తిరిగి వచ్చినప్పుడు ఆ నటి ప్రతిభ పూర్తిగా తెలుస్తుంది. పక్కన లేని భర్తను, సైనికుడివై ఉండి భయమా అని పాత అదిలింపుతోనే మందలిస్తుంది. చేతులు కడుక్కోమంటుంది, చెయ్యి ఇవ్వమంటుంది. పెత్తనం ఇంకా తనదేనన్న భ్రమ ఆమెకు నిద్రలో మాత్రమే మిగిలిందని ఈ రికార్డింగు విన్నాకనే నాకు తట్టింది. మేలుకుని ఉన్న భర్త వైద్యుణ్ణి ఆమె గురించి అడిగేటప్పుడు ‘నీ రోగి ఎలా ఉంది’ అంటాడు, నా భార్య అనడు. నటుడు దాన్ని గబగబా దాటేశాడు.

శబ్ద నాణ్యతకు వంక పెట్టలేను, ఉరుములు కొంచెం ఎక్కువయ్యాయి తప్ప. ఏయే పంక్తులు తొలగించారో కొనేవారికి ఎక్కడా తెలియజేయకపోవడం మాత్రం అన్యాయం. ఆ నటి కోసం కొనవచ్చు. మూడో అంకం దగ్గర మాత్రం ఆపి, ఆ రంగాన్ని పుస్తకంలో చదువుకుని ముందుకు వెళ్లండి.