కొలను అంచున తామరా, కలువా?

పెరటి కొలను అంచున ఏది నాటాలన్న సందేహం వచ్చినప్పుడు, మన చెరువుల్లో తరతరాలుగా పూస్తున్న తామర, కలువ రెండూ బహువార్షికాలే అయినా వాటి స్వభావాలు వేరని ముందుగా గుర్తించాలి.

ఖర్చు: తామరను గింజతో మొదలుపెడితే ఖర్చు నామమాత్రమే. గట్టి పెంకును ఒక కొనన లోపలి తెలుపు కనిపించేదాకా అరగదీసి నీటిలో వేస్తే కొద్ది రోజుల్లోనే మొలకెత్తుతుంది గాని, పూతకు తరచు ఏడాది ఆగాలి. కలువను దుంపతో నాటడమే సులువు.

శ్రమ: కలువకు చాలావరకు పండిన ఆకులు తీసేయడమే పని. తామరకు ఏటా తొట్టి మార్చి దుంపలను విడదీయాలి. ఆ పనిలో లేత కొన విరిగితే ఆ దుంప ఎదగకపోవచ్చు.

ప్రమాదం: అసలు చిక్కు ఇక్కడే ఉంది. తామర దుంప బురదలో పాకుతూ చిన్న కొలనునంతా ఆక్రమిస్తుంది కాబట్టి, దానిని అడుగున రంధ్రం లేని గుండ్రని తొట్టిలోనే ఉంచాలి, ఎందుకంటే మూలలున్న తొట్టిలో కొన ఇరుక్కుపోతుంది. కలువ అంత దూకుడు చూపదు. దోమల బెడద మాత్రం రెండింటికీ ఒకటే, దోమ పిల్లలను తినే గప్పీ చేపలు తప్పనిసరి.

అనుకూలత: రెండింటికీ రోజుకు ఆరు గంటల ఎండ కావాలి. విశాలమైన కొలను, ఓపిక ఉన్నవారికి తామర తగినది. చోటు తక్కువైతే కలువే మేలు. పగలంతా ఉద్యోగాలకు వెళ్లేవారు రాత్రి విచ్చే తెల్ల కలువను ఎంచుకుంటే, కవులు దానిని చంద్రుడితో ఎందుకు ముడిపెట్టారో ఇంట్లోనే చూడవచ్చు.