తుఫానొస్తే ఏది చూడాలి: విండీయా, ఐఎండీ బులెటినా?

బంగాళాఖాతంలో అల్పపీడనం అనగానే మా బంధువులంతా అడిగేది ఒకటే, "విండీలో మన మీదకే చూపిస్తోంది, నిజమేనా?" అని. మాది కాకినాడ వైపు కాబట్టి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఏటా ఇదే గోల. నేను విండీ అనే వాతావరణ యాప్‌నీ, మన వాతావరణ శాఖ ఐఎండీ ఇచ్చే బులెటిన్‌నీ రెండూ చూస్తాను, కాకపోతే ఒక్కోదాన్ని ఒక్కో సమయంలో నమ్ముతాను.

అల్పపీడనం ఇంకా పుట్టకముందే, వారం ముందునుంచే సముద్రంలో ఏదో కదులుతోందని చెప్పేది విండీయే. చిక్కేమిటంటే చాలామంది యాప్ తెరవగానే కనిపించే ఒక్క మోడల్ (కంప్యూటర్ లెక్కేసిన వాతావరణ అంచనా) చూసేసి, రంగుల సుడి మచిలీపట్నం మీద ఉంటే అక్కడే తీరం దాటుతుందని ఫిక్సయిపోతారు. అందులోనే యూరప్ వాళ్ల మోడల్, అమెరికా వాళ్ల జీఎఫ్‌ఎస్ మార్చి మార్చి చూడండి. ఒకటి ఒంగోలనీ ఇంకోటి ఒడిశాలోని గోపాల్‌పూర్ అనీ అంటుంటే అప్పటికి ఎవరికీ తెలియదనే అర్థం. అంత ముందు చూసినదాన్ని బట్టి ప్రయాణం వాయిదా వేసుకోవచ్చు, కోతల సంగతి ఆలోచించుకోవచ్చు, అంతే.

తుఫానుకి పేరు పెట్టారంటే నేను ఐఎండీకి వచ్చేస్తాను. మూడు గంటలకోసారి బులెటిన్ వస్తుంది, తీరం దగ్గరపడ్డాక గంటకోసారి కూడా. ట్రాక్ (తుఫాను పోయే దారి) చుట్టూ గరాటు ఆకారంలో ఒక కోన్ గీస్తారు, తుఫాను కేంద్రం అందులో ఎటైనా పోవచ్చని. కోన్ బయట ఉన్నాం కదా అని నిశ్చింతగా పడుకోకండి, గాలీ వానా దాని బయటికీ వస్తాయి.

నా మటుకు అసలు తేల్చేది గాలి వేగం కాదు, మన ఊరు ట్రాక్‌కి ఏ పక్కన ఉందన్నది. తూర్పు నుంచి మన తీరం మీదకి వచ్చే తుఫానుకి కుడి పక్క అంటే ఉత్తరం. సుడి గడియారం ముళ్లకి ఎదురు తిరుగుతుంది కాబట్టి ఆ పక్కన గాలి సముద్రాన్ని ఊళ్లోకి నెడుతుంది, ఉప్పెన వచ్చేది అక్కడే. ఎడమ పక్కన గాలి నేల మీంచి సముద్రంలోకి పోతుంది. వాన మాత్రం రెండు పక్కలా దంచుతుంది. 1977 నవంబరు 19న తుఫాను దాటింది చీరాల వైపు, ఉప్పెన ముంచింది దానికి కుడిపక్కనున్న దివిసీమని.

ఈ సంగతి పోర్టుల్లో ఎగరేసే హెచ్చరిక నంబర్లలోనే ఉంటుంది, టీవీలో ఎవరూ విప్పి చెప్పరు. "పదో నంబరు" అని గొంతు చించుకుంటారు, దాంతో తొమ్మిది కాస్త తక్కువేమో అనిపిస్తుంది. ఎనిమిది, తొమ్మిది, పది మూడూ పెద్ద ప్రమాదమే. ఎనిమిదంటే పోర్టు ట్రాక్‌కి ఎడమన, తొమ్మిదంటే కుడిన, పదంటే తుఫాను పోర్టు మీంచో పక్కనుంచో పోతుందని. కాకినాడ దగ్గర దాటే తీవ్ర తుఫానుకి మచిలీపట్నంలో ఎనిమిది, విశాఖలో తొమ్మిది పెడితే ఉప్పెన విషయంలో నాకు ఎక్కువ టెన్షన్ తొమ్మిది వాళ్ల గురించే. పదకొండు కూడా ఉంది, హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని దానర్థం.

అమెరికా నేవీ వాళ్ల తుఫాను హెచ్చరిక కేంద్రం జేటీడబ్ల్యూసీ కూడా చూసేవాళ్లున్నారు. గాలి వేగానికి వాళ్లు తీసుకునేది ఒక నిమిషం సగటు, మన ఐఎండీ తీసుకునేది మూడు నిమిషాలది, అందుకే అక్కడ గాలి వేగం ఎక్కువ కనిపిస్తుంది. కంగారు పడక్కర్లేదు. వాట్సాప్ ఫార్వర్డుల గురించి చెప్పేదేం లేదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీదకి వచ్చినప్పుడు కరెంటూ సిగ్నలూ రెండూ పోయాయి. అలాంటి రోజు ఏ యాప్ ఉన్నా ఒకటే, అందుకని రేకుల ఇంట్లోనో, సముద్రం ఒడ్డునో ఉండేవాళ్లు కదలాలా వద్దా అన్నది ముందురోజు వెలుతురు ఉండగానే తేల్చేసుకోవాలి. హుద్‌హుద్ కన్ను, అంటే గాలి లేని నడిమధ్య భాగం, నగరం మీదకి వచ్చినప్పుడు గాలి ఆగింది, తర్వాత ఎదురు దిక్కు నుంచి మళ్లీ కొట్టింది. గాలి ఒక్కసారిగా ఆగిపోతే మేడ మీద ట్యాంకు చూడ్డానికి ఎక్కకండి, బ్యాటరీ రేడియోలో తుఫాను ఎక్కడుందో విన్నాకే తలుపు తీయండి.