షినోనా, లోషా, ఫోంతెవ్రోనా: ఒక్క రోజే ఉంటే ఏది మేలు?

ఫ్రాన్స్‌లోని లువార్ లోయకు వెళ్లేవారిలో చాలామంది షాంబోర్, షెనొన్సో భవనాలు చూసి సంతృప్తి పడతారు. వాటి వైభవం ప్రధానంగా 16వ శతాబ్దానిది. మధ్యయుగపు రాజుల జాడ కావాలనుకునేవారు మాత్రం తూర్ నగరానికి నైరుతిలో ఉన్న షినోన్ కోటకో, ఆగ్నేయంలో ఉన్న లోష్‌కో, షినోన్‌కు సుమారు 20 కిలోమీటర్ల దూరంలోని ఫోంతెవ్రో మఠానికో వెళ్లాలి.

పేరుప్రతిష్ఠల్లో షినోన్‌దే పైచేయి. ఇంగ్లండ్ రాజు రెండవ హెన్రీ 1189లో కన్నుమూసింది అక్కడే. 1429లో ఫ్రెంచి వీరవనిత జోన్ ఆఫ్ ఆర్క్ వచ్చి, కాబోయే ఫ్రాన్స్ రాజు ఏడవ చార్లెస్‌ను కలుసుకున్నదీ అక్కడే. అయితే ఆ భేటీ జరిగిందని చెప్పే సభామందిరంలో ఇప్పుడు మిగిలింది ఒక గోడ, ఆ గోడకు పైఅంతస్తు ఎత్తున, కింద నేల లేకుండా నిలిచిపోయిన చలిమంట పొయ్యి మాత్రమే. చరిత్ర ముందే చదువుకుని వెళ్లినవారికి ఆ పొయ్యి చాలు, మిగతావారికి అది రాళ్ల గోడే.

లోష్ అలా కాదు, ఏమీ చదవకపోయినా ఆకట్టుకుంటుంది. 11వ శతాబ్దంలో కట్టిన బురుజు 36 మీటర్ల ఎత్తున నేటికీ నిలిచే ఉంది; లోపలి అంతస్తుల నేలలు పోవడంతో, అడుగున నిలబడి తలెత్తితే ఖాళీ బావిలోంచి ఆకాశాన్ని చూస్తున్నట్టుంటుంది. ఏడవ చార్లెస్ ప్రేయసి ఆన్యెస్ సొరెల్ సమాధి కూడా ఈ ఊళ్లోనే ఉంది. ఆమె తెల్లరాతి ప్రతిమ పాదాల దగ్గర రెండు గొర్రెపిల్లలు పడుకుని ఉంటాయి. ఫ్రెంచిలో గొర్రెపిల్లను 'అన్యో' అంటారు కనుక, అది ఆమె పేరు మీద శిల్పి చేసిన శ్లేష.

అయినా నా ఓటు ఫోంతెవ్రోకే. 1101లో స్థాపించిన ఈ మఠంలో పురుషులు కూడా మఠాధిపతురాలి ఆజ్ఞకు లోబడి ఉండేవారు. చర్చిలో రెండవ హెన్రీ, ఆయన రాణి ఎలియనోర్, కొడుకు రిచర్డ్, చిన్న కోడలు ఇజబెల్లా ప్రతిమలు పక్కపక్కన పడుకుని ఉంటాయి. మొదటి మూడూ రాతివి, ఇజబెల్లాది కొయ్యది. ఎలియనోర్ చేతుల్లో తెరిచిన పుస్తకం ఉంది; భర్తపై కొడుకులు చేసిన తిరుగుబాటుకు అండగా నిలిచి, ఏళ్ల తరబడి నిర్బంధంలో గడిపిన రాణి, ఆయన పక్కనే తాపీగా చదువుకుంటున్నట్టు కనిపిస్తుంది. ఇదే మఠం ఫ్రెంచి విప్లవం తరువాత జైలుగా మారి, 1963 వరకు అలాగే కొనసాగింది.

చిక్కల్లా ప్రయాణంతోనే. షినోన్‌కూ లోష్‌కూ తూర్ నుంచి రైలుంది, ఫోంతెవ్రోకు స్టేషనే లేదు. కాబట్టి కారు లేనివారికి లోష్ మేలు. కారు ఉన్నవారు ఉదయం షినోన్ చూసి, మధ్యాహ్నానికి ఫోంతెవ్రో చేరితే, హెన్రీ మరణించిన చోటి నుంచి ఆయన్ను పాతిపెట్టిన చోటికి వెళ్లినట్టవుతుంది.