నూట పదేళ్ల నమూనా, నేటి హంగులు: 9 ఎం.ఎం. 1911తో కొన్నేళ్లు

అమెరికా సైన్యం ఒకప్పుడు వాడిన 1911 అనే పిస్టల్ నమూనాకు ఇప్పటి హంగులన్నీ చేర్చి పిస్టళ్లు తయారు చేస్తున్న సంస్థలు చాలా ఉన్నాయి. నా దగ్గర ఉన్నదీ ఆ కోవలోదే. పూర్తి ఉక్కు ఫ్రేమ్, అయిదంగుళాల బ్యారెల్, 9 ఎం.ఎం. తూటా, స్లైడ్ (ముందుకూ వెనక్కూ జరిగే పైభాగం) మీద రెడ్ డాట్ (ఎర్ర చుక్కతో గురి చూపే అద్దం) బిగించుకునే ఏర్పాటు, రెండు పక్కలా సేఫ్టీ మీటలు, బ్యారెల్ కింద లైటు తగిలించుకునే రైలు (గాడులున్న పట్టా) దీనికి ఉన్నాయి. కొన్నేళ్లుగా దీనితో వేల తూటాలు కాల్చాను, స్ప్రింగులు మార్చాను, పేలిన తూటా ఖాళీ తొడుగును బయటికి లాగే కొక్కెమైన ఎక్స్‌ట్రాక్టర్ సరిచేయించాను. మొదటిసారి పిస్టల్ పట్టేవారికి దీన్ని సిఫారసు చేయను. చేయి తిరిగినవారికి మాత్రం, ఏం కొంటున్నారో తెలిసి కొనేటట్లయితే, ఇంత తృప్తినిచ్చే పిస్టల్ నాకు తెలిసినంతలో మరొకటి లేదు.

ముందు ట్రిగ్గర్ గురించి చెప్పాలి. ఎవరైనా ఈ నమూనా మీద మనసు పడేది దాని కోసమే. చాలా పిస్టళ్లలో ట్రిగ్గర్ పైన ఉన్న పిన్ను ఆధారంగా ఊగుతుంది. వేలు కాస్త పైన పడితే బరువుగా, కింద పడితే తేలికగా అనిపిస్తుంది. ఈ నమూనాను తయారు చేసిన జాన్ బ్రౌనింగ్ రూపకల్పనలో అది తిన్నగా వెనక్కి జరుగుతుంది. ట్రిగ్గర్ వెనక ఉండే సన్నని ఉక్కు చట్రం మ్యాగజైన్‌కు రెండు పక్కల నుంచీ వెళ్లి లోపలి భాగాలను నెడుతుంది. తూటాను పేల్చే సుత్తి, అంటే హ్యామర్, అప్పటికే వెనక్కి లాగి ఉంటుంది కనుక వేలు చేయవలసిన పని దాన్ని పట్టి ఉంచే కొక్కెమైన సియర్‌ను తప్పించడం ఒక్కటే. కొద్దిపాటి ఖాళీ కదలిక, ఆ తర్వాత స్పష్టమైన అడ్డు, ఇంకొంచెం నొక్కగానే పేలుడు. వేలు మళ్లీ ముందుకు వదిలితే ఒక మిల్లీమీటరు కూడా రాకముందే ట్రిగ్గర్ తిరిగి సిద్ధమవుతుంది. నా పిస్టల్‌లో ట్రిగ్గర్ నొక్కడానికి పట్టే బరువు రెండు కిలోలకు కాస్త తక్కువ. ఇంకా తగ్గించుకోమని చాలామంది సలహా ఇచ్చారు, నేను ఒప్పుకోలేదు. లోపల మూడు వేళ్లున్న పలక స్ప్రింగ్ ఒకటి ఉంటుంది. సియర్, డిస్కనెక్టర్ (ఒక్క నొక్కుకు ఒక్క తూటాయే పేలేలా చూసే భాగం), గ్రిప్ సేఫ్టీ (పిడి వెనక అరచేత్తో నొక్కితేనే ట్రిగ్గర్‌ను కదలనిచ్చే మీట) మూడింటికీ ఒత్తిడి అదే ఇస్తుంది. దాన్ని వంచి ట్రిగ్గర్‌ను మరీ తేలిక చేస్తే, స్లైడ్ మూసుకునే దెబ్బకు సియర్ జారి, హ్యామర్ దానంతట అది ముందుకు పడే ప్రమాదం ఉంది. పని తెలిసిన తుపాకీ మేస్త్రీ తప్ప మరొకరు దాని జోలికి పోకూడదని నా గట్టి అభిప్రాయం.

ఈ నమూనాను అమెరికా సైన్యం 1911 మార్చి 29న స్వీకరించింది. 1985లో 9 ఎం.ఎం. బెరెట్టా ఎం9 వచ్చేదాకా ఇదే వారి ప్రధాన పిస్టల్. మార్పులు చేయడం కూడా ఇప్పుడు మొదలైన పని కాదు. 1920లలోనే ట్రిగ్గర్‌ను పొట్టి చేశారు, దాని వెనక ఫ్రేమ్‌ను వేలికి వీలుగా చెక్కారు, హ్యామర్ చేతిని కొరకకుండా గ్రిప్ సేఫ్టీ తోకను పొడిగించారు, ముందు సైట్‌ను వెడల్పు చేశారు. ఎం1911ఏ1 అనే పేరు ఆ మార్పుల వల్ల వచ్చిందే. ఇప్పటి తయారీదారులు చేస్తున్నదీ ఆ వరసలోని పనే: చేతికి, కంటికి తగిలే చోట్ల సవరణ.

ఆ సవరణల్లో నాకు అన్నిటికన్నా నచ్చింది బీవర్‌టెయిల్ అనే పొడవాటి తోక. దాని వల్ల పిస్టల్‌ను ఎంత పైకి పట్టుకున్నా హ్యామర్ బొటనవేలి మూలను గిల్లదు. చేయి పైకి వెళ్లేకొద్దీ కుదుపు తిన్నగా వెనక్కి వస్తుంది, మూతి పైకి లేవడం తగ్గుతుంది. కానీ దీనికి ఒక మెలిక ఉంది. పట్టు పైకి వెళ్లి, బొటనవేలు సేఫ్టీ మీట మీద కూర్చున్నప్పుడు అరచేతి మధ్యభాగం పిస్టల్ నుంచి కొంచెం ఎడమవుతుంది. గ్రిప్ సేఫ్టీని నొక్కవలసింది సరిగ్గా ఆ భాగమే. అది పూర్తిగా లోపలికి వెళ్లకపోతే ట్రిగ్గర్ కదలదు. అందుకే ఇప్పటి పిస్టళ్లలో గ్రిప్ సేఫ్టీ అడుగున చిన్న ఉబ్బు పెడుతున్నారు. కొనేముందు ఖాళీ పిస్టల్‌ను మీరు నిజంగా కాల్చే పట్టుతోనే పట్టుకుని చూడండి. ఆ ఉబ్బు అరచేతికి తగులుతున్నట్టు తెలియకపోతే ఆ పిస్టల్ మీ చేతికి సరిపోదు. చిన్న చేతులవారికి, సన్నని అరచేయి ఉన్నవారికి ఇది తరచుగా ఎదురయ్యే ఇబ్బంది.

రెండు పక్కలా ఉండే సేఫ్టీ ఎడమచేతివారికి వరం. కుడిచేతివారికి మాత్రం కుడివైపు మీట కొన్నిసార్లు చూపుడువేలి మొదటి కణుపుకు అడ్డం వస్తుంది. నేను అటువైపు సన్నని మీట వేయించుకున్నాను, సుఖంగా ఉంది. సేఫ్టీ మీద బొటనవేలు వేసి దించడం, కాల్చడం ఆపగానే మళ్లీ ఎత్తడం అనే అలవాటు ఒంట్లో ఇంకిపోవాలి. హ్యామర్ లాగి, సేఫ్టీ వేసి ఉంచడం ఈ నమూనాకు సహజమైన స్థితి. దాన్ని చూసి కంగారుపడేవారు, లేదా ఒత్తిడిలో సేఫ్టీ దించడం మరిచిపోయేవారు సేఫ్టీ మీట లేని పిస్టల్‌తో సాధన చేయడమే క్షేమం. రెండు రకాలనూ మార్చి మార్చి వాడటాన్ని నేను సమర్థించను.

ఇక 9 ఎం.ఎం. సంగతి. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది, సుఖమూ ఇక్కడే ఉంది. కిలోకు పైగా బరువున్న ఉక్కు పిస్టల్‌లో ఈ తూటా పేలితే కుదుపు చాలా తక్కువ. 8 గ్రాముల గుండు సెకనుకు 350 మీటర్ల వేగంతో పోయేటప్పుడు తుపాకీ మీద పడే తోపు, ఈ నమూనాకు మొదటి నుంచీ ఉన్న పెద్ద తూటా .45లోని 15 గ్రాముల గుండు 255 మీటర్ల వేగంతో పోయేటప్పటి తోపులో ముప్పాతిక కూడా ఉండదు. సైట్ పైకి లేచి, లేచిన చోటికే దిగుతుంది. రేంజ్‌లో సగం రోజు గడిపినా మణికట్టు నొప్పి పెట్టదు. తూటాల ఖర్చూ కలిసొస్తుంది.

అయితే ఈ పిస్టల్ పుట్టింది .45 ఏసీపీ తూటా కొలతలకు. ఆ తూటా పొడవు దాదాపు 32 మిల్లీమీటర్లు, 9 ఎం.ఎం. తూటా పొడవు 30 లోపే. మ్యాగజైన్ గూడు మాత్రం పాత కొలతలోనే ఉంది. మిగిలిన జాగాను పూడ్చడానికి మ్యాగజైన్ వెనక గోడకు లోపలివైపు ఒక రేకునో, నొక్కిన గాడినో పెడతారు. కొందరు ముందువైపు పెడతారు. చౌక మ్యాగజైన్లలో ఈ పని అరకొరగా ఉంటుంది. అప్పుడు తూటాలు లోపల ముందుకూ వెనక్కూ జరుగుతాయి, ముక్కు కిందికి వాలి చాంబర్ (బ్యారెల్ వెనక తూటా కూర్చునే గది) వాలు దగ్గర ఆగిపోతాయి. పిస్టల్‌తో పాటు వచ్చిన రెండు మ్యాగజైన్లలో ఒకటి నాకు సరిగ్గా ఇదే తంటా పెట్టింది. అంతా పిస్టల్ తప్పే అనుకుంటారు కానీ, మ్యాగజైన్లకు వరస సంఖ్యలు రాసి, ఆగినప్పుడల్లా ఏ సంఖ్యదో గుర్తు పెట్టుకుంటే దోషి ఇట్టే దొరుకుతుంది. మంచి మ్యాగజైన్లు కొన్నాక ఆ బాధ పూర్తిగా పోయింది. పిస్టల్ ధరతో పాటు మరో అయిదారు మంచి మ్యాగజైన్ల ధరను కూడా బడ్జెట్‌లో వేసుకోండి. చాంబర్‌లోకి తూటా ఎక్కే వాలు ఫ్రేమ్‌లో కాకుండా బ్యారెల్‌లోనే భాగంగా ఉన్న పిస్టల్‌ను ఎంచుకోండి. ఈ తూటాకు అదే మేలు.

రెండో చిక్కు ఎక్స్‌ట్రాక్టర్. పాత పద్ధతిలో ఇది స్లైడ్ లోపల పొడవునా దూరి ఉండే ఒకే ఉక్కు కమ్మీ. దానికి విడిగా స్ప్రింగ్ లేదు. తన వంపే తనకు బిగువు. ఆ బిగువు ఎక్కువైతే తూటా పైకి జారలేక ఆగుతుంది, తక్కువైతే ఖాళీ తొడుగు బయటికి రాదు. డమ్మీ (మందు లేని) తూటాతో దీన్ని చూసుకోవచ్చు. స్లైడ్ విప్పి, తూటా అంచును కొక్కెం కిందికి జరిపి మెల్లగా ఊపితే పడకూడదు, గట్టిగా ఊపితే పడాలి. రేంజ్‌లో మరింత నమ్మకమైన పరీక్ష ఒకటుంది. చాంబర్‌లో తూటా ఉండగా మ్యాగజైన్ తీసేసి ఆ ఒక్కటీ కాల్చాలి. కింద ఆసరాగా మరో తూటా లేనప్పుడు కూడా ఖాళీ తొడుగు శుభ్రంగా కుడివైపు ఎగిరి పడితే బిగువు బాగున్నట్టే. నాది మొదట్లో బాగానే ఉండి, వాడకం పెరిగేకొద్దీ వదులైంది. తొడుగులు ఒక్కొక్కటి ఒక్కో దిక్కున పడటం, అప్పుడప్పుడు నా నుదుటికి తగలడం దాని గుర్తు. సరిచేయించాక మళ్లీ ఒకే చోట కుప్పగా పడుతున్నాయి. తూటాను చేత్తో చాంబర్‌లో వేసి స్లైడ్‌ను విసురుగా వదలడం ఈ కొక్కేనికి శత్రువు. తూటా ఎప్పుడూ మ్యాగజైన్ నుంచే ఎక్కాలి. బయటివైపు ఎక్స్‌ట్రాక్టర్, దానికి చుట్ట స్ప్రింగ్ ఉన్న 1911లు కూడా ఇప్పుడు దొరుకుతున్నాయి. చూపుకు పాత అందం కొంత తగ్గినా, సర్దుబాట్ల బెడద లేదు.

రెడ్ డాట్ గురించి నా అభిప్రాయం మొదట ఒకలా ఉండేది, ఇప్పుడు మారింది. పాత రూపానికి అది అతకదనిపించింది. కానీ ఈ పిస్టల్ పట్టు కోణం నా మణికట్టుకు ఎంత బాగా కుదురుతుందంటే, చేతులు చాపగానే చుక్క అద్దం మధ్యలో ఉంటుంది. ముందు సైట్ మసకబారే వయసు వచ్చినవారికి ఇది పెద్ద ఊరట. 25 మీటర్ల దూరంలో నా రంధ్రాల గుంపు స్పష్టంగా చిన్నదైంది. రెడ్ డాట్‌ను బిగించే పలక మరలు వదులవుతాయి, అది నిజం. మర తల మీద, పక్కన లోహం మీద కలిసేలా సన్నని రంగు గీత గీసి ఉంచితే, కదిలిందో లేదో ఒక చూపులో తెలుస్తుంది. పోటీల్లో పాల్గొనేవారు ఒకటి గమనించాలి. ఐపీఎస్సీ (అంతర్జాతీయ ప్రాక్టికల్ షూటింగ్ సమాఖ్య) పోటీల క్లాసిక్ విభాగంలో రెడ్ డాట్‌కు అనుమతి లేదు. అక్కడ 9 ఎం.ఎం.తో ఆడేవారికి మైనర్ స్కోరింగే (తక్కువ శక్తి తూటాలకు ఇచ్చే పాయింట్ల లెక్క), మ్యాగజైన్‌లో 10 తూటాలు.

శుభ్రం చేయడం పెద్ద పనేమీ కాదు, నూనె విషయంలో మాత్రం పిసినారితనం పనికిరాదు. స్లైడ్ పట్టాలు, బ్యారెల్ పైభాగం, బుషింగ్ (బ్యారెల్ మూతి చుట్టూ ఉండే ఉంగరం) లోపలి అంచు తడిగా ఉండాలి. ఎండిపోతే స్లైడ్ నెమ్మదిస్తుంది, దాని వెంటే అడ్డంకులు మొదలవుతాయి. తిరిగి బిగించేటప్పుడు స్లైడ్ స్టాప్ మీటను ఫ్రేమ్‌కు రాసుకుంటూ పైకి జరిపితే అర్ధచంద్రాకారంలో గీత పడుతుంది. చాలా 1911ల మీద కనిపించే గుర్తు అది. మీట కింద పలచని కార్డుముక్క పెడితే పడదు. స్లైడ్‌ను తిరిగి ముందుకు నెట్టే రీకాయిల్ స్ప్రింగ్‌ను బలం తగ్గేదాకా ఉంచకుండా క్రమం తప్పక మార్చండి. 9 ఎం.ఎం.కు .45 స్ప్రింగ్ కన్నా తేలికది కావాలి, అంగడిలో అడిగి మరీ తీసుకోండి.

రెండో 1911 కొనే అవకాశం వస్తే మళ్లీ 9 ఎం.ఎం.లోనే, ఉక్కు ఫ్రేమ్‌తోనే తీసుకుంటాను. బ్యారెల్ కింద రైలు వద్దంటాను. లైటు నేను వాడను, ఆ బరువు ముక్కు మీద ఉండి ఒక లక్ష్యం నుంచి మరో లక్ష్యానికి తిప్పేటప్పుడు ఆలస్యం చేస్తుంది. ఎక్స్‌ట్రాక్టర్ బయటివైపు ఉన్నదే కావాలంటాను. ట్రిగ్గర్ బరువు ఇప్పుడున్నంతే.