చిన్న వ్యాపారాలకు కన్సల్టెంట్: ఎక్కడ గిట్టుబాటు, ఎక్కడ దండగ

అమ్మకాలు కదలక, ఎటు పోవాలో తోచని యజమానికి కన్సల్టెంట్లు ఎక్కువగా ఇచ్చేది మూడు అంచెల సేవ. ముందు లెక్కల పరిశీలన, తర్వాత ప్రణాళిక, ఆపైన అమలు చూసుకునే వారవారీ మీటింగులు. ఇచ్చిన ఫీజుకు న్యాయం జరిగేది చాలావరకు మొదటి అంచెలోనే.

మనిషి పనితనం తొలిరోజే తెలిసిపోతుంది. 12 నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు, వస్తువు వారీ అమ్మకాలు, ఎవరి బాకీ ఎన్నాళ్లుగా నిలిచిందో చూపే పట్టిక అడిగాడంటే పని తెలిసినవాడు. ఇవేవీ అడక్కుండా 'మీ విజన్ ఏంటి' అని మొదలెడితే రంగురంగుల స్లైడ్లు తప్ప ఏమీ మిగలవు.

మంచి కన్సల్టెంట్ ముందు చెయ్యి పెట్టేది ధర మీద. 100కి అమ్మే వస్తువు 70కి పడుతోందనుకోండి. గిరాకీ కోసం 10 తగ్గిస్తే మిగులు 30 నుంచి 20కి పడిపోతుంది. పాత లాభం నిలబడాలంటేనే ఒకటిన్నర రెట్లు అమ్మాలి. అదే 5 పెంచితే, ఏడుగురిలో ఒకరు కొనడం మానేసినా లాభం తగ్గదు. యజమాని తన జీతాన్ని ఖర్చులో రాసుకోకపోతే ఆ 30 కూడా ఉత్తుత్తి అంకే.

రెండోది నగదు. సరుకు బిల్లు 30 రోజుల్లో కట్టి, అరువు 60 రోజులకు వసూలు చేసుకునే చోట వ్యాపారం పెరిగేకొద్దీ డబ్బు ఆడదు. అందుకే 13 వారాల రాబడి, చెల్లింపుల అంచనా వేయిస్తారు. అది కన్సల్టెంట్ లాప్‌టాప్‌లోనే ఉండిపోతే ఆయనతోపాటే వెళ్లిపోతుంది. ప్రతి సోమవారం మీ అకౌంటెంటే నింపేలా నేర్పించాలని ఒప్పందంలోనే రాయించండి.

ప్రణాళిక అంచె మాత్రం నీరసం. బలాలు, బలహీనతల పట్టిక యజమానికి తెలిసిన సంగతులనే అచ్చువేసి ఇస్తుంది.

ఫీజు పని వారీగా, చేతికందిన నివేదికను బట్టి కట్టడం మేలు. అమ్మకాల మీద కమిషన్ అడిగితే ఒప్పుకోవద్దు, డిస్కౌంట్లిచ్చి అమ్మకాలు పెంచడం ఎవరికైనా చేతనవుతుంది. కావాలంటే స్థూల లాభం మీద, అంటే అమ్మకాల్లోంచి సరుకు ఖరీదు పోగా మిగిలేదాని మీద ఇవ్వండి. పద్దులు రెండు మూడు నెలలు వెనకబడి ఉంటే మాత్రం ముందు వాటిని సరిచేయించండి. లేకపోతే కన్సల్టెంట్ గంటలన్నీ బిల్లులు ఏరడానికే సరిపోతాయి.