ఉదయగిరి చెక్క గరిటెలు: ఆరు నెలలు వాడాక

పోయిన సంక్రాంతికి అమ్మావాళ్ళింటికి వెళ్ళినప్పుడు నెల్లూరు జిల్లా ఉదయగిరిలో కొన్నాను. ఒక అట్లకాడ, రెండు గరిటెలు, పాపకి ఒక చిన్న స్పూను. చుట్టుపక్కల కొండల్లో దొరికే నార్ది, కలివి లాంటి చెక్కతో, చేత్తో చెక్కుతారు. వీటికి జీఐ గుర్తింపు (ఫలానా ఊరి ప్రత్యేకమైన వస్తువని ఇచ్చే గుర్తింపు) కూడా ఉంది.

పాప స్పూను గురించి చెప్పి తీరాలి. ఏడాదిన్నర పిల్ల. స్టీలు స్పూను చిగుళ్ళకి తగిలితే చాలు, మూతి తిప్పేసేది. దీని అంచు పెన్నలో గులకరాయంత నున్నగా ఉంటుంది, వేడన్నంలో పెట్టినా చురుక్కుమనదు. పెసరపప్పూ నెయ్యీ వేసి మెత్తగా మెదిపి దీంతో పెడితే నోరు తెరిచి మరీ అడుగుతోంది. కాడ చివర చెక్కిన పువ్వుని వేలితో తడుముతూ గిన్నె ఖాళీ చేస్తుంది.

అట్లకాడతో నాన్‌స్టిక్ పెనం మీద ఒక్క గీత పడలేదు. చేపల పులుసులో మనం ఎటూ గరిటె పెట్టం, గిన్నె పట్టుకుని తిప్పుతాం. రొయ్యల కూరకి వాడితే మాత్రం రెండు రోజులు వాసన వదల్లేదు. ఒక గరిటె రాత్రంతా సింకులో నాని పగిలింది, తప్పు నాదే. కడగ్గానే తుడిచి, అప్పుడప్పుడూ కొబ్బరినూనె రాయండి. పిల్లలకైతే రంగూ పాలిషూ లేనివే అడిగి తీసుకోండి. ఈసారి వెళ్తే అత్తయ్యకీ ఒక జత తేవాలి.